నాలుగేళ్ల నాలుక కొత్తను ఎందుకు నమ్మదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో హనుమకొండ నుంచి ఒక తల్లి రాసినది నన్ను పట్టుకుని వదల్లేదు. ఆమె కొడుక్కి నాలుగేళ్లు. పెరుగన్నం, ఆలుగడ్డ వేపుడు, బిస్కెట్లు తప్ప ఏదీ ముట్టడు. బీరకాయ కనబడితే కంచం తోసేస్తాడు. పప్పులో పాలకూర ముక్క తగిలితే ముద్దంతా ఉమ్మేస్తాడు. "పదకొండు నెలలప్పుడు ఏది పెట్టినా తిన్నాడండీ, ఇప్పుడు ఇంత సతాయిస్తున్నాడెందుకు? సమతుల భోజనానికీ సాయంత్రం చిరుతిండికీ ఒక పట్టిక ఇవ్వండి" అని అడిగారామె.

పట్టిక సంగతి ముందే ముగిస్తాను. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1360 కిలోకేలరీల శక్తి, 16 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, ఒక గ్లాసు పాలలో ఇంచుమించు అంతే ప్రోటీన్ ఉంటుంది. మిగిలినది కాస్త పప్పన్నంతో వచ్చేస్తుంది. అన్నమో రొట్టో, పప్పు, ఒక కూర, ఒక పండు, గుడ్డు, పాలో పెరుగో, నడుమ రెండుసార్లు చిరుతిండి. అంతే.

అసలైన ప్రశ్నను ఆ తల్లి ఉత్తరం మధ్యలో మామూలుగా వేసేశారు: పదకొండు నెలలప్పుడు అన్నీ తిన్నవాడికి ఇప్పుడేమైంది?

మొదటి కారణం సులువుగా తెలిసేదే. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలవుతాడు. రెండేళ్లు దాటాక ఏడాదికి సుమారు రెండు కిలోలే పెరుగుతాడు. పెరుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. పైగా ఈ వయసులో ఆకలి పూట పూటకూ మారుతుంది. అమెరికాలో లియాన్ బర్చ్ బృందం రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు పదిహేను మందిని గమనించి 1991లో లెక్క ప్రచురించింది. ఒక్కో పూట తిండి సుమారు 34 శాతం అటూ ఇటూ ఊగింది. రోజు మొత్తం కలిపి చూస్తే ఆ ఊగిసలాట 10 శాతమే. పొద్దున తక్కువ తిన్న పిల్లవాడు మధ్యాహ్నమో సాయంత్రమో దాన్ని పూడ్చుకున్నాడు. కాబట్టి ఒక్క పూట కంచం చూసి దిగులు పడనక్కర్లేదు. రెండు మూడు రోజుల తిండిని కలిపి చూడాలి.

రెండో కారణం నాకు చాలా ఇష్టమైనది. దాన్ని శాస్త్రవేత్తలు కొత్త ఆహార భయం అంటారు. రెండో ఏడు నుంచి ఆరో ఏడు వరకు ఇది బాగా బలంగా ఉంటుంది. చంకలో ఉన్నంత కాలం బిడ్డ నోట్లోకి ఏది వెళ్లాలో తల్లే నిర్ణయిస్తుంది. నడక వచ్చాక చెట్టు కింద రాలిన కాయా, గట్టు మీది ఆకూ చేతికందుతాయి. ఏది విషమో చెప్పే పెద్దవాళ్లు ప్రతిసారీ పక్కన ఉండరు. సరిగ్గా ఆ వయసులోనే మెదడు కొత్తదాన్ని, ముఖ్యంగా ఆకుపచ్చదాన్ని, చేదుదాన్ని అనుమానించడం మొదలుపెడుతుందని పరిశోధకుల వివరణ. నాకిది సబబుగానే తోస్తుంది. ఆ లెక్కన బీరకాయను తోసేసే పిల్లవాడిలో లోపమేమీ లేదు. చాలా పాత రక్షణ ఏర్పాటొకటి వాడిలో చక్కగా పనిచేస్తోంది.

అది పుట్టుకతో వచ్చేదేనా? 2024 సెప్టెంబరులో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన బృందం పెద్ద ఫలితమే ప్రకటించింది. 2007లో ఇంగ్లండ్, వేల్స్‌లలో పుట్టిన రెండు వేలకు పైగా కవల జంటలను పదహారు నెలల నుంచి పదమూడేళ్ల దాకా చూశారు. ఒకే అండం నుంచి వచ్చిన కవలలు తిండి దగ్గర పెట్టే పేచీలో ఒకరినొకరు బాగా పోలారు. వేర్వేరు అండాల నుంచి వచ్చినవాళ్లు అంతగా పోలలేదు. పదహారు నెలల వయసులో పిల్లలకూ పిల్లలకూ మధ్య ఉన్న తేడాలో 60 శాతం, మూడేళ్ల వయసు నుంచి 74 శాతం, అంతకు పైగా జన్యువుల వల్లే అని తేల్చారు. "నీ పెంపకమే బాగోలేదు" అని కోడలిని దెప్పే అత్తలు ఈ అంకె ఒకసారి చూడాలి. అయితే ఇది పిల్లలు ఒకరికొకరు ఎందుకు తేడాగా ఉన్నారో చెప్పే అంకె. ఒక పిల్లవాడు మారలేడని చెప్పే అంకె కాదు. భయం ఎంత బలంగా మొదలవుతుందన్నది జన్యువులు నిర్ణయిస్తాయి. అది ఎలా కరుగుతుందన్నది వేరే కథ. ఆ కథ ఎలుకల దగ్గర మొదలవుతుంది.

ఎలుక వాంతి చేసుకోలేదు. పొరపాటున విషం తింటే కక్కే దారి లేదు. అందుకే కొత్త తిండి కనబడితే రవ్వంత కొరికి ఆగుతుంది. కొన్ని గంటల్లో కడుపులో తేడా ఏమీ రాకపోతే మరుసటిసారి ఇంకాస్త తింటుంది. దీనికి మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ రోజిన్, జేమ్స్ కలాట్ 1970ల మొదట్లో "నేర్చుకున్న భద్రత" అని పేరు పెట్టారు. ఊళ్లోకి కొత్తగా వచ్చిన మనిషిని మొదటి రోజు గుమ్మం అవతలే నిలబెట్టి మాట్లాడతాం. నాలుగుసార్లు వచ్చి, ఏ గొడవా లేకుండా వెళ్లాక అరుగు మీద కూర్చోమంటాం. నాలుక కూడా రుచులను అలాగే లోపలికి రానిస్తుంది.

ఇదే యంత్రం వెనక్కి కూడా తిరుగుతుంది. ఎలుకలు తియ్యటి నీళ్లు తాగిన చాలాసేపటి తర్వాత వికారం పుట్టినా ఆ రుచిని మళ్లీ దగ్గరికి రానివ్వవని జాన్ గార్సియా 1966లో చూపించాడు. అప్పటి మనస్తత్వ శాస్త్ర పెద్దలు ఒప్పుకోలేదు. కారణానికీ ఫలితానికీ మధ్య కొన్ని సెకన్లకు మించి ఎడం ఉంటే ఏ జంతువూ నేర్చుకోదని వారి సిద్ధాంతం. గార్సియా రాసిన పత్రాలను పేరున్న పత్రికలు తిప్పి పంపాయి. చివరికి పొట్ట విషయంలో మెదడు గంటల ఎడాన్ని కూడా దాటి లెక్క కడుతుందన్నదే నిలిచింది. 1978లో ఇలీన్ బెర్న్‌స్టీన్ దీన్ని పిల్లల్లో చూపించింది. క్యాన్సర్ మందు ఎక్కించే ముందు కొత్త రుచి ఐస్‌క్రీం తిన్న పిల్లలు తర్వాత దాన్ని వద్దన్నారు. వికారం మందు వల్ల వచ్చింది, నింద ఐస్‌క్రీం మీద పడింది. జ్వరం, వాంతులు వచ్చిన నాడు తిన్న గుడ్డు ఆ తర్వాత నెలల తరబడి పిల్లవాడికి పడకపోవచ్చు. మాత్రను ఇష్టమైన తిండిలో దాచి పెట్టకండి అని నేను చెప్పడం కూడా ఇందుకే. ఉన్న నాలుగు రుచుల్లో ఒకటి పోగొట్టుకుంటారు.

మరి పిల్లవాడికి భద్రత నేర్పడానికి ఎన్నిసార్లు రుచి చూపాలి? ఇక్కడ మళ్లీ లియాన్ బర్చ్ దగ్గరికి రావాలి. 1982లో ఆమె రెండేళ్ల పిల్లలకు తెలియని పండ్లు, చీజ్‌లు ఇచ్చింది. కొన్నిటిని రెండుసార్లు, కొన్నిటిని ఐదు, పది, పదిహేను, ఇరవైసార్లు. ఎన్ని ఎక్కువసార్లు రుచి చూశారో అంత ఇష్టం పెరిగింది. ఐదేళ్ల తర్వాత ఇంకో ప్రయోగంలో కొందరికి తిండి చూపించి ఊరుకున్నారు, కొందరికి రుచి చూపించారు. చూసిన పిల్లలకు ఆ రూపం నచ్చింది కానీ రుచి మీద ఇష్టం పెరగలేదు. నాలుకకు తగలాల్సిందే. తగిలేది చిటికెడైనా చాలు. ఇళ్లలో జరిగేది మాత్రం వేరు. తల్లులు మూడు నుంచి ఐదుసార్లు పెట్టి చూసి, "వీడికి ఇది పడదు" అని తేల్చేస్తారని అమెరికాలో 2004లో వచ్చిన ఒక పెద్ద సర్వే చెప్పింది. మన ఇళ్లూ ఇందుకు భిన్నమని నేననుకోను. నాలుక ఇంకా గుమ్మం దగ్గరే ఉండగా మనం తలుపు మూసేస్తున్నాం.

1990లో సుసాన్ సల్లివన్, బర్చ్ కలిసి చేసిన పని ఇంకా ముచ్చటైనది. నాలుగైదేళ్ల పిల్లలకు సోయా పనీర్ ఇచ్చారు. ఒక జట్టుకు చప్పగా, ఒక జట్టుకు ఉప్పగా, ఒక జట్టుకు తియ్యగా, కొన్ని వారాల్లో పదిహేనుసార్లు. ప్రతి జట్టూ తనకు అలవాటైనదాన్నే ఇష్టపడింది. ఉప్పటిది తిన్నవాళ్లకు చప్పటిది నచ్చలేదు. పిల్లవాడు నేర్చుకునేది "రాగులు మంచివి" అని కాదు, "తియ్యటి రాగిజావ మంచిది" అని. బెల్లం వేసి అలవాటు చేసి, రేపటి నుంచి మజ్జిగ కలిపిన జావ తాగమంటే వాడికి అది మళ్లీ కొత్త పదార్థమే. అందుకే కూరలను పరాటాలో రుబ్బి దాచే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. పోషకం లోపలికి వెళ్తుంది, నిజమే. బీరకాయ రుచి మాత్రం వాడికి పరిచయం కాదు.

ఈ సిద్ధాంతానికి ఓరుగల్లు నేల మీదే గొప్ప సాక్ష్యముంది. ఎనుమాముల మార్కెట్‌లో ఎర్రటి గుట్టలుగా కనబడే మిరపకాయ అది. ఇక్కడి చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయిదు వందల ఏళ్ల కిందట ఏ తెలుగు నాలుకకూ మిరప తెలియదు. పుట్టిన ఏ బిడ్డకూ మిరప నచ్చదు, నోరు మండుతుంది. నాలుక నొప్పి అని చెప్పే పదార్థం, బీరకాయ కన్నా వెయ్యి రెట్లు నిరాకరించదగ్గది. అయినా ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి ఇక్కడి పిల్లలు తొక్కు కలుపుకుని తింటారు. ఎవరు నేర్పారు? పాల్ రోజిన్ ఇదే ప్రశ్నతో మెక్సికోలోని ఒక పల్లెకు వెళ్లి, 1980లో దాని మీద రాశాడు. అక్కడా తల్లులు కారం కొద్దికొద్దిగా పెంచుతారు, తింటే బహుమతులేమీ ఇవ్వరు, తినకపోతే తిట్టరు. ఐదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లలే తమకు తాము కారం వేసుకోవడం మొదలుపెడతారు. ఆ ఊరి కుక్కలు, పందులు కూడా రోజూ కారం కలిసిన ఎంగిలే తింటాయి. కానీ కారం ఉన్నదీ లేనిదీ ముందు పెడితే లేనిదాన్నే ఎంచుకున్నాయి. అంటే పదేపదే తినడం ఒక్కటే సరిపోదు. తన వాళ్లంతా దాన్ని ఇష్టంగా తినడం పిల్లవాడు చూస్తున్నాడు. మనిషి పిల్ల తన వాళ్లను చూసి కూడా భద్రత నేర్చుకుంటుంది.

ఈ చూపు ఎంత పదునైనదో 2005లో ఎల్సా అడెస్సీ బృందం పరీక్షించింది. వాళ్లు వాడింది మనకు బాగా తెలిసిన రవ్వ, రకరకాల రంగులు కలిపి. పక్కనున్న పెద్దమనిషి అదే రంగు రవ్వ తింటుంటే పిల్లలు కొత్తదాన్ని ఎక్కువగా తిన్నారు. వేరే రంగుది తింటుంటే అంతగా తినలేదు. తల్లి అందరికీ వడ్డించి, చివర్లో నిలబడి తింటే పిల్లవాడికి ఆ పాఠం ఎక్కడి నుంచి వస్తుంది? ఈడు పిల్లల ప్రభావం ఇంకా ఎక్కువ. 1980లో బర్చ్ ఒక కూరను ఇష్టపడని బడిపిల్లలను ఆ కూర ఇష్టపడే పిల్లల బల్ల దగ్గర నాలుగు రోజులు కూర్చోబెట్టింది. వాళ్లు తాము వద్దన్న కూర వైపే మళ్లారు. తెలంగాణ అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు వరసగా కూర్చుని గుడ్డుతో భోజనం చేస్తారు. ఇంట్లో గుడ్డు ముట్టనివాడు అక్కడ తింటే ఆశ్చర్యం లేదు. ఇంటింటికీ పొట్లాలు పంచడంతో ఈ పని జరగదు, ఆ వరస ఉండాలి.

ఇక పొరబడ్డవాళ్ల సంగతి. 1926లో క్లారా డేవిస్ అనే వైద్యురాలు పాలు మాన్పిస్తున్న పసివాళ్లకు ఏం తినాలో ఎవరూ చెప్పకుండా, ఇష్టమైనది ఎంచుకోమని వదిలేసింది. వాళ్లు చక్కగా పెరిగారు. రికెట్స్ ఉన్న ఒక బిడ్డ తనంతట తానే చేప నూనె తాగి, నయమయ్యాక మానేశాడు. ఇది చదివి ఎంతోమంది "పిల్లల ఒంటికే తెలుసు, వాళ్లనే ఎంచుకోనివ్వండి" అని ప్రచారం చేశారు. డేవిస్ 1939లో తనే స్పష్టంగా చెప్పింది: కిటుకంతా ఆహారాల జాబితాలో ఉంది. ఆమె పెట్టిన 34 రకాల్లో చక్కెర లేదు, మైదా లేదు, అన్నీ సహజమైనవే. ఏది తిన్నా మంచిదే. ఇంట్లో బిస్కెట్ పొట్లం అందేలా పెట్టి పిల్లవాడి స్వేచ్ఛ గురించి మాట్లాడితే అది డేవిస్ ప్రయోగం కాదు.

రెండో పొరపాటు మన ఇళ్లది. "రెండు ముద్దలు తింటే చాక్లెట్ ఇస్తా." 1984లో బర్చ్ కొందరు పిల్లలకు కెఫిర్ అనే పులిసిన పాలు తాగితే బహుమానం ఇచ్చింది. వాళ్లకు దాని మీద ఇష్టం తగ్గింది. బహుమానం లేకుండా తాగినవాళ్లకు తగ్గలేదు. లంచం ఇచ్చి తినిపించేది తప్పకుండా చెడ్డదేనని పిల్లవాడికి అర్థమవుతుంది. తిండి కాకుండా బొమ్మ స్టిక్కర్ లాంటి చిన్నది ఇస్తే కొంత మేలు జరిగిందని తర్వాతి ప్రయోగాలు చూపాయి, అది ఒప్పుకోవాలి. బలవంతానికి మాత్రం అలాంటి మినహాయింపు కూడా దొరకలేదు. 2006లో గుమ్మడి, మక్కజొన్న సూప్‌లతో చేసిన పరీక్షలో "తాగెయ్, తాగెయ్" అనిపించుకున్న పిల్లలు తక్కువ తాగారు, ఎక్కువ విసుక్కున్నారు.

బలవంతం లేకుండా, బిడ్డ సైగలు చూసి తినిపించడం మన దగ్గర కూడా పరీక్షకు నిలిచింది. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ బృందం నల్లగొండ జిల్లాలో 60 ఊళ్లలో, 600 మంది తల్లీబిడ్డలతో, మూడు నెలల వయసు నుంచి పదిహేను నెలల దాకా ఈ పని చేసి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఏం పెట్టాలో తల్లులకు నేర్పినచోట పిల్లల తిండి మెరుగుపడింది. ఎలా తినిపించాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పినచోట పిల్లల మానసిక వికాసం స్కోర్లు పెరిగాయి.

చిరుతిండి గురించి అడిగారు కాబట్టి చెబుతాను. సాయంత్రం నాలుగింటికి సర్వపిండి, నువ్వుల లడ్డు, ఉడికించిన మక్కజొన్న, జామకాయ, ఏదైనా సరే, ఒక వేళకు కూర్చోబెట్టి పెట్టండి. తర్వాత రాత్రి భోజనం దాకా నీళ్లే. రోజంతా చేతిలో పొట్లంతో తిరిగే పిల్లవాడికి బీరకాయను పలకరించేంత ఆకలి ఎప్పటికీ పుట్టదు. పల్లీలు, శనగలు ఈ వయసులో గింజలుగా ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. పొడి చేసో లడ్డు చేసో పెట్టండి.

నాకు కోపం తెప్పించేది టీవీలో ప్రోటీన్ పొడుల గోల. ప్రపంచమంతా ప్రోటీన్ కొరతే అని 1960లలో ఐక్యరాజ్యసమితి భయపడినప్పుడు, మన పిల్లలకు తక్కువైంది మొత్తం తిండే తప్ప ప్రత్యేకంగా ప్రోటీన్ కాదని హైదరాబాద్‌లో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం చూపించింది. అర్ధ శతాబ్దం దాటాక అదే భయాన్ని డబ్బాల్లో అమ్ముతున్నారు. తెలంగాణ పిల్లల్లో నిజంగా తక్కువైనది ఇనుము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. సజ్జరొట్టె, పుంటికూర పప్పు, మాంసం తినే ఇళ్లలో మేక కాలేయం, వాటితో పాటు నిమ్మరసమో జామకాయో ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. పిల్లలకు చాయ్ పొయ్యడం మానాలి. పాలు కూడా రోజుకు అర లీటరు దాటితే ఆకలిని చంపేస్తాయి.

పిల్లవాడి బరువు నెలల తరబడి కదలకపోయినా, మింగేటప్పుడు పొలమారుతున్నా, ముఖం పాలిపోయి ఎప్పుడూ నీరసంగా పడి ఉన్నా, తినే రకాలు వారం వారం తగ్గిపోతున్నా ఇదంతా పక్కన పెట్టి పిల్లల డాక్టరుకు చూపించండి.