చేతులు స్టీరింగ్ మీదే, మరి మనసు?

చెన్నై నుంచి వచ్చే 16వ నంబరు జాతీయ రహదారి మన రాష్ట్రంలో అడుగుపెట్టేది తడ దగ్గరే. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. సరుకు లారీలు, శ్రీసిటీ కార్మికుల బస్సులు, శ్రీకాళహస్తి వైపు మళ్లే బండ్లు, షేర్ ఆటోలు, రోడ్డు దాటే మనుషులు అంతా ఇక్కడ ఎదురవుతారు. చూపు పక్కకు లాగేవీ తక్కువేం కాదు. చలికాలమైతే పులికాట్‌లో ఫ్లెమింగోలు, శ్రీహరికోటలో రాకెట్ లేస్తే ఆకాశంలో పొగచార. ఏడాది పొడుగునా ఉండేది మాత్రం ఫోను.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. వాట్సాప్‌లో మెసేజ్ ఎవరిదో చూద్దామని మూడు సెకన్లు తల దించితే, 66 మీటర్లు రోడ్డు చూడకుండా నడిపినట్టే. ముందు లారీ ఆగిందని గమనించాక బ్రేకు మీదికి కాలు వెళ్లడానికి దాదాపు ఇంకో సెకను పడుతుంది. ఆ తర్వాత కూడా బండి ఆగడానికి కొంత దూరం కావాలి.

‘నేను బ్లూటూత్‌లోనే మాట్లాడతాను, నాకేం భయం?’ అంటారు చాలామంది. 1997లో వెలువడిన ఒక అధ్యయనం కోసం కెనడాలోని టొరంటోలో, కారులో ఫోను ఉండి ప్రమాదానికి గురైన 699 మంది డ్రైవర్ల కాల్ రికార్డులు పరిశీలించారు. ఫోను మాట్లాడే వేళ ప్రమాదం జరిగే అవకాశం నాలుగు రెట్లు ఉన్నట్టు తేలింది. చేత్తో పట్టుకోకుండా మాట్లాడినవాళ్లకు అదనపు రక్షణేమీ కనిపించలేదు. ఎందుకిలా? 2003లో అమెరికాలోని యూటా పరిశోధకుల ప్రయోగంలో దీనికి జవాబు దొరుకుతుంది. హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడుతూ నడిపినవాళ్ల చూపు దారి పక్క బోర్డుల మీద పడినా, వాటిని తర్వాత గుర్తుపట్టడం వాళ్లకు కష్టమైంది. కన్ను చూసింది కానీ మనసుకెక్కలేదు. పక్క సీట్లో మనిషైతే రద్దీ చూసి మాట ఆపుతాడు. ఫోనులో ఉన్న మనిషికి రోడ్డు కనిపించదు కదా.

మాట ముగిసినా పరధ్యానం వెంటనే వదలదు. నోటితో ఆదేశాలిచ్చి ఫోను వాడాక ఏకాగ్రత పూర్తిగా తిరిగి రావడానికి 27 సెకన్ల దాకా పట్టవచ్చని 2015లో అమెరికాలో జరిగిన మరో అధ్యయనం చెప్పింది. 80 వేగంలో అది 600 మీటర్ల దూరం.

మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌కు 2019లో చేసిన సవరణ ప్రకారం, చేత్తో ఫోను పట్టుకుని ప్రమాదకరంగా నడిపితే మొదటిసారికి వెయ్యి నుంచి అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ పడవచ్చు. చట్టం చేతిని ఆపగలదు, మనసును నిలుపుకోవాల్సింది మాత్రం మనమే. మ్యాపు, పాటలు, ఏసీ అన్నీ బండి కదలకముందే సరిచూసుకోండి. ఫోను సైలెంట్‌లో పెట్టి చేతికందని చోట ఉంచండి. పక్షులు చూడాలనిపిస్తే రోడ్డు దిగి, బండి ఆపి, తనివితీరా చూడండి.

ఇంట్లో ఉన్నవాళ్లకూ ఇందులో వంతుంది. ఫోను ఎత్తగానే ‘బండి నడుపుతున్నావా?’ అని అడిగి, అవునంటే ‘ఆగాక చెయ్’ అని పెట్టేయాలి. ‘ఎక్కడిదాకా వచ్చావ్?’ అని డ్రైవరును గంటగంటకూ అడిగే యజమానులు, బండి నడిచేటప్పుడు ఫోను ఎత్తనక్కర్లేదని తామే ముందు చెప్పాలి. ఆ భరోసా ఉంటేనే డ్రైవరు నిశ్చింతగా రోడ్డు మీద మనసు పెట్టగలడు.