మంచు మీద ఆహార్యం

సావనీర్ కమిటీ వారు ఫోను చేసి "డాక్టరుగారూ, ఈసారి కూడా మీ వ్యాసం తప్పదు" అన్నప్పుడు, ఎప్పటిలాగే షుగరు గురించో, కొలెస్టరాల్ గురించో రాయమంటారని భయపడ్డాను. పోయిన మూడు సంచికల్లోనూ అవే రాశాను. చదివినవాళ్ళు పండగ భోజనాల దగ్గర నన్ను చూడగానే బొబ్బట్టుని పులిహోర కింద దాచుకోవడం తప్ప వాటివల్ల కలిగిన ప్రయోజనం నాకేమీ కనపడలేదు. అంచేత ఈసారి వైద్యం జోలికి పోకుండా, ఇరవయ్యేళ్ళ పైబడి నాకున్న ఒక పిచ్చి గురించి రాస్తాను. అది ఫిగర్ స్కేటింగ్ పిచ్చి.

మన ఇళ్ళల్లో క్రికెట్ పిచ్చివాళ్ళు కోకొల్లలు. అర్ధరాత్రి లేచి కూర్చుని మ్యాచి చూసినా ఎవరూ ఏమీ అనరు. నేను స్కేటింగ్ పోటీల కోసం ఒక పెళ్ళి రిసెప్షన్ ఎగ్గొట్టానని మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఆ గౌన్లు వేసుకుని ఐసు మీద గిర్రున తిరుగుతారే, అదేనా?" అని అడుగుతారు. అవునండీ, అదే.

ఇది నాకు అంటుకున్నది 2002 ఫిబ్రవరిలో. రెసిడెన్సీ కోసం డెట్రాయిట్ దగ్గరికి వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. అదే మా మొదటి చలికాలం. ఇంట్లో సోఫా కూడా లేదు. నైట్ డ్యూటీ నించి వచ్చి, నేల మీద పరుపు వేసుకుని, పెరుగన్నం తింటూ టీవీ పెట్టాను. సాల్ట్‌లేక్ సిటీ ఒలింపిక్స్. పోటీలన్నీ అయిపోయాక, గెలిచినవాళ్ళు వచ్చి పాయింట్ల బెడద లేకుండా చేసే ప్రదర్శన వస్తోంది. ఒక అమ్మాయి బంగారు రంగు గౌనులో 'ఫీల్డ్స్ ఆఫ్ గోల్డ్' అన్న పాటకి మెల్లగా తేలిపోతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు, ఆగడమూ లేదు. హాలంతా ఊపిరి బిగపట్టి చూస్తోంది.

"ఈవిడేనా గెలిచింది?" అని మావారిని అడిగాను.

"కాదు, మూడో స్థానం. బంగారం సారా హ్యూస్ అని పదహారేళ్ళ పిల్లకి వచ్చింది" అన్నారాయన.

మూడో స్థానం వచ్చినామె బంగారు గౌను వేసుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు. ముందే కుట్టించుకుని వుంటుంది పాపం అనుకున్నాను. ఆ అమ్మాయి పేరు మిషెల్ క్వాన్. అయిదు ప్రపంచ టైటిళ్ళు, తొమ్మిది అమెరికా టైటిళ్ళు గెలిచింది. ఒలింపిక్ బంగారం మాత్రం ఎన్నడూ దక్కలేదు. తరవాత 2022లో బెలీజ్ దేశానికి అమెరికా రాయబారిగా కూడా వెళ్ళింది. అవన్నీ నేను తెలుసుకున్నది తరవాత. ఆ రోజు తెలిసింది ఒకటే: ఇది నాకు కొత్త విద్య కాదు, ఎక్కడో చూసినదే.

మాది మచిలీపట్నం. కూచిపూడి మాకు బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరం. పదేళ్ళ పాటు నాట్యం నేర్చుకున్నాను, ఎంసెట్ వచ్చి గజ్జెలు అటక ఎక్కించేదాకా. తరంగం చేసేటప్పుడు ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు పెట్టి, నెత్తిన నీళ్ళ చెంబుతో కదలాలి. పళ్ళెం మధ్యలో నిలబడితే అది కదలదు, అంచు మీదికి బరువు వస్తేనే నడుస్తుంది. స్కేటు బ్లేడూ సరిగ్గా అంతే. దాని మందం సుమారు 4 మిల్లీమీటర్లు. అడుగున సన్నటి గాడి తీసి వుంటుంది కనక లోపలి వైపొక అంచు, బయటి వైపొక అంచు ఏర్పడతాయి. మంచి స్కేటర్ ఎప్పుడూ ఏదో ఒక అంచు మీదే వాలి వుంటుంది. నిటారుగా నిలబడితే విద్య లేనట్టే. గాలిలో మూడు చుట్లు తిరిగి, వెనక్కి జారుతూ, ఒంటికాలి బయటి అంచు మీద దిగుతారు. దిగిన క్షణాన మోకాలి మీద పడే భారం శరీరపు బరువుకి ఎన్నో రెట్లు. ఇదంతా చేస్తూ మొహంలో కష్టం కనపడనివ్వకూడదు. చెంబులో నీళ్ళు తొణకకూడదు, అంతే.

మనవాళ్ళు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా చెప్పారు కదా. స్కేటింగులో వాచికం లేదు. ఆంగికానికి జడ్జీలు మార్కులు వేస్తారు. అభిమానులు కొట్టుకు చచ్చేదంతా మిగిలిన రెండింటి మీదే: వేసుకున్న దుస్తులు, చూసేవాళ్ళని తాకిందా లేదా అన్నది.

సాత్త్వికం సంగతి ముందు చెబుతాను. మా అమ్మ వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామాకలాపం చూసిన రోజుల గురించి చెప్పేది. ఆయన మగవాడని వూరంతటికీ తెలుసు. ఆ జడ ముందుకి వేసుకుని సత్యభామగా తెర దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండేది కాదట. జడ చూసి కాదు, చూపు చూసి నమ్మేవాళ్ళం అనేది. ఇది మార్కులకి అందే విషయం కాదు. క్వాన్‌నే తీసుకోండి. 1998లో ఫిలడెల్ఫియాలో జరిగిన అమెరికా ఛాంపియన్‌షిప్‌లో రెండు విభాగాల్లోనూ కలిపి జడ్జీల చేత 15 సార్లు 6.0 వేయించుకుంది. అప్పట్లో 6.0 అంటే నూటికి నూరు. కొద్ది వారాల తరవాత నగానోలో అదే సంగీతానికి, తప్పు లేకుండా చేసి కూడా, తారా లిపిన్‌స్కీ చేతిలో ఓడిపోయింది. తొమ్మిది మంది జడ్జీల్లో ఆరుగురు తారా వైపు. క్వాన్ అభిమానులు ఇన్నేళ్ళయినా దీన్ని ఒప్పుకోరు. నేనూ క్వాన్ మనిషినే, అయినా జడ్జీలదే సబబు అంటాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫిలడెల్ఫియాలో ఆమె నాట్యం చేసింది, నగానోలో పరీక్ష రాసింది. పదిహేనేళ్ళ తారా మాత్రం పండక్కి కొత్త బట్టలు వేసుకున్న పిల్లలా పరుగెత్తింది. ఎవరెక్కువ బాగా చేశారన్నది వేరు, ఆ రోజు ఎవరు పూర్తిగా అక్కడ వున్నారన్నది వేరు.

పూర్తిగా వుండడమంటే 1984లో సరయెవోలో టోర్విల్, డీన్ జంట. 'బొలేరో' సంగీతం నిబంధన కంటే పద్దెనిమిది సెకన్లు ఎక్కువైంది. గడియారం మొదలయ్యేది బ్లేడు మంచుని తాకినప్పుడే కనక, ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని, బ్లేడు తగలనివ్వకుండా, ఆ కాస్త సేపూ కేవలం చేతులతో, దేహాలతో వూగుతూ గడిపారు. కళాత్మకతకి తొమ్మిది మందీ 6.0 వేశారు. ఇబ్బందిలోంచి పుట్టిన ఆ మోకాళ్ళ భంగిమే జనానికి గుర్తుండిపోయింది. ఆ పలచటి వంగపండు రంగు గౌను కూడా.

ఇంక ఆహార్యం. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌కి తూర్పు జర్మనీ అమ్మాయి కతరీనా విట్, షార్ట్ ప్రోగ్రాములో నడుం చుట్టూ ఈకలే తప్ప స్కర్టు అంటూ లేని దుస్తులతో వచ్చింది. అమెరికా అమ్మాయి డెబీ థామస్ నఖశిఖ పర్యంతం కప్పిన ప్యాంటు తరహా బిగుతు దుస్తులతో వచ్చింది. విట్ గెలిచింది. థామస్‌కి కాంస్యం వచ్చింది. చలికాలపు ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి నల్లజాతి క్రీడాకారిణి ఆమె. తరవాత ఎముకల సర్జన్ అయింది కనక మా వర్గమే. అంతర్జాతీయ స్కేటింగ్ సంఘంవారు వెంటనే ఆడవాళ్ళు తుంటిభాగం కప్పే స్కర్టు వేసుకు తీరాలని రూలు తెచ్చారు. దాన్ని 'కతరీనా రూలు' అనేవారు. తమాషా ఏమిటంటే, ఆ రూలుతో మరీ తక్కువ వేసుకున్న ఆవిడా తప్పే, మొత్తం కప్పుకున్న ఆవిడా తప్పే. ఆ స్కర్టు నిర్బంధం 2004లో గాని పోలేదు. దుస్తులు మర్యాదగా వుండాలన్న మాట మాత్రం నిబంధనల్లో అలాగే వుంది. ఏదైనా పూసో, ఈకో వూడి మంచు మీద పడితే ఒక పాయింటు కోత. అది అలంకారం కోసం పెట్టింది కాదు. దాని మీద బ్లేడు పడితే మనిషి పడుతుంది.

2010 వాంకూవర్ సంగతి మన మిషిగన్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆ ఏడు ఐస్ డాన్స్ వాళ్ళకి జానపద నృత్యం అన్న అంశం ఇచ్చారు. మన పక్కన కాంటన్‌లో సాధన చేసే మెరిల్ డేవిస్, చార్లీ వైట్ హిందీ సినిమా పాటలు ఎత్తుకున్నారు, 'దేవదాస్' పాటతో సహా. భారతీయ నృత్యం తెలిసినావిడ దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. హిందీ సినిమా పాట జానపదం ఎలా అవుతుందో నాకు తెలీదు గాని, మంచు మీద మన తరహా మెడ కదలిక, హస్తాలు చూసి మా వీధిలో ఫోన్లు మోగుతూనే వున్నాయి. అదే పోటీలో రష్యా జంట దోమ్నినా, షబాలిన్ ఆస్ట్రేలియా ఆదిమవాసుల వేషం కట్టారు. ఆ ప్రజల పెద్దలు అభ్యంతరం చెప్పారు. దుస్తులు కొంత మార్చుకుని వచ్చినా విమర్శ ఆగలేదు. మనవాళ్ళు కొందరు "రెండూ ఒకటేగా, వీళ్ళూ అరువు వేషమేగా" అన్నారు. నా ఓటు డేవిస్, వైట్‌లకే. హస్తాలు లెక్క ప్రకారం లేవు, మా గురువుగారైతే ఒప్పుకునేవారు కాదు. కాని అడిగి నేర్చుకున్న తప్పు అది. అడగకుండా వేసుకున్న వేషం వేరు.

ఇంత తీర్పరిని కదా, నా ఇంట్లో ఏం చేశానో కూడా చెప్పాలి.

మా అమ్మాయి ఏడో ఏట స్కేటింగ్ మొదలుపెట్టింది. అటు కూచిపూడి కూడా. పదమూడో ఏట వాళ్ళ రింకులో వార్షిక ప్రదర్శన. దానికి ఒంటరి అంశం ఇచ్చారు. కోచ్ చెప్పిన కొలతల ప్రకారం గౌను వచ్చింది. చూడగానే నా గుండె గుభేలుమంది. కాళ్ళకి చర్మం రంగు మేజోళ్ళుంటాయనీ, వీపు దగ్గర వున్నది వల గుడ్డేననీ నాకు తెలుసు. ఇరవయ్యేళ్ళ నించీ చూస్తున్నదాన్ని. అయినా వూరి నించి మా అమ్మ వచ్చి వుంది, మన అసోసియేషన్ వాళ్ళు నాలుగు కుటుంబాలు చూడ్డానికి వస్తున్నారు. "అమ్మమ్మ ఏమనుకుంటుంది?" అని పిల్లని నోరు మూయించి, రాత్రికి రాత్రి మిషను మీద గౌనుకి జానెడు కుచ్చు కలిపి, అంచున పూసల పట్టీ కుట్టాను. అందంగానే వచ్చింది.

గుండ్రంగా తిరగడం మొదలవగానే ఆ బరువుకి పట్టీ దారం తెగింది. పూసలు మంచు మీద చిందాయి. పిల్ల పడలేదు. కాని అక్కడి నించి చివరిదాకా తల ఎత్తలేదు. ఎక్కడ పూస వుందో అని కిందికే చూస్తూ పూర్తిచేసింది. చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు జాలివని దానికి తెలుసు.

కారులో మా అమ్మ అడిగింది ఒకటే మాట: "ఆ పలచటి గుడ్డల్లో దానికి చలెయ్యదుటే?"

గౌను గురించి ఆవిడకి అంతకన్నా అభ్యంతరం లేదు. వేదాంతం వారి వేషం చూసి పెరిగిన మనిషి. అమ్మాయి వెనక సీట్లోంచి, "అమ్మా, నువ్వు మొత్తం నా స్కర్టే చూశావు కదా?" అంది. జవాబు చెప్పలేదు నేను. ఎందుకంటే నిజమే. అంతకు ముందు కతరీనా రూలు రాసిన పెద్దమనుషుల్ని ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చింది.

ఆ తరవాత అది స్కేట్లు విప్పేసింది. కూచిపూడి క్లాసుకి వెళ్తోంది గదా అని నేను లోలోపల సంతోషించాను కూడా. రెండేళ్ళు గడిచాయి.

2025 జనవరి 29న, విచిటాలో జాతీయ పోటీలూ, శిక్షణ శిబిరమూ ముగించుకుని వస్తున్న పిల్లలు ఎక్కిన విమానం వాషింగ్టన్ దగ్గర కూలిపోయింది. పోయినవాళ్ళలో స్కేటింగ్ కుటుంబాలకి చెందినవాళ్ళు 28 మంది. తల్లులు, తండ్రులు, కోచ్‌లు, మా అమ్మాయి ఈడు పిల్లలు. ఆ రాత్రి అమ్మాయి తన గదిలోంచి పాత స్కేట్లు తీసుకుని వచ్చి సోఫాలో నా పక్కన కూర్చుంది. ఏమీ అనలేదు.

మార్చిలో ప్రపంచ పోటీలు బోస్టన్‌లో. పోయినవాళ్ళలో ఆరుగురు ఆ వూరి క్లబ్బువాళ్ళే. టిక్కెట్లు కొని ఇద్దరం వెళ్ళాం. శుక్రవారం రాత్రి అలీసా లియూ ఆఖరున వచ్చింది. పదహారేళ్ళకే విసిగిపోయి ఆట మానేసిన పిల్ల. చదువుకుంటూ, రెండేళ్ళ తరవాత తిరిగి వచ్చి, ఈసారి సంగీతం, దుస్తులు తన ఇష్టప్రకారమే వుండాలంది. డానా సమ్మర్ పాటకి ఆమె చేస్తుంటే నేను టెక్నిక్ చూడలేదు, గౌను ఏ రంగో కూడా సరిగా గుర్తు లేదు. ఆ నవ్వు గుర్తుంది. 2006 తరవాత అమెరికాకి మళ్ళీ వచ్చిన మహిళా ప్రపంచ టైటిల్ అది. అంత హాలూ లేచి నిలబడింది. పక్కకి చూస్తే మా అమ్మాయి మంచు వైపు కాదు, నా వైపు చూస్తోంది.

ఇప్పుడు మళ్ళీ రింకుకి వెళ్తోంది. ఈ వసంతంలో ప్రదర్శన వుంది. గౌను బొమ్మ తనే గీసింది. వీపు దగ్గర వల గుడ్డ, స్కర్టు జానెడే. అంచున కూచిపూడి విసనకర్ర మడతలాంటిది చిన్నది పెట్టమంది. "కుట్టడం వరకే నీ పని" అని షరతు. పూసలు కూడా కావాలట. ఈసారి రెండు పోగుల దారంతో, ఒక్కో పూసకీ విడిగా ముడి వేస్తున్నాను. రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటే గంటకి ముప్ఫై దాకా అవుతున్నాయి.