విండోస్‌లో డ్రైవర్ అప్‌డేట్స్ కనిపిస్తున్నాయా? టిక్ పెట్టేముందు ఇది చదవండి

పోయిన దసరాకి బాన్సువాడ ఇంటికి వచ్చినప్పటి సంగతి. రాత్రి ఖాళీగా ఉండి ల్యాప్‌టాప్ సెట్టింగ్స్ తిరగేస్తుంటే ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ కింద నాలుగు డ్రైవర్లు కనిపించాయి. కొత్తవి కదా, మంచివే అయ్యుంటాయని నాలుగింటికీ టిక్ పెట్టేశా. రీస్టార్ట్ అయ్యాక చూస్తే వైఫై గుర్తే లేదు! పొద్దున పదింటికి అదే ల్యాప్‌టాప్‌లో తమ్ముడికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. సర్వీస్ సెంటర్ అంటే బస్సెక్కి నిజామాబాద్ పోవాలి. “అన్నా, నువ్వు సాఫ్ట్‌వేరే కదా?” అన్నాడు వాడు. ఫోన్‌లో రెండు గంటలు వెతికి, చివరికి రెండు నిమిషాల్లో సరిచేశా. ఆ రెండు నిమిషాల పని ముందే తెలిసి ఉంటే బాగుండేది. అందుకే ఈ ఆర్టికల్.

డ్రైవర్ అంటే ఏంటి?

వైఫై కార్డ్, సౌండ్, టచ్‌ప్యాడ్ లాంటి హార్డ్‌వేర్‌తో విండోస్ మాట్లాడాలంటే మధ్యలో ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. అదే డ్రైవర్. చాలా డ్రైవర్లు కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో నడుస్తాయి. మామూలు యాప్ క్రాష్ అయితే మళ్లీ ఓపెన్ చేస్తాం. ఇక్కడ తప్పు జరిగితే మొత్తం సిస్టమే కూలుతుంది.

2024 జూలై 19 గుర్తుందా? శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కెర్నెల్ డ్రైవర్ ఒక తప్పు ఫైల్‌ని చదవడంతో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. అది విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చింది కాదు, హార్డ్‌వేర్ డ్రైవరూ కాదు. కానీ కెర్నెల్‌లో చిన్న తప్పు ఎంత దూరం పోతుందో చూపించింది.

మరి విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన డ్రైవర్ ఎప్పుడైనా దెబ్బ కొట్టిందా?

కొట్టింది. ఆర్డ్యునో లాంటి బోర్డులను కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ చిప్‌లు తయారుచేసే ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ ఉంది. 2014లో ఆ కంపెనీ కొత్త డ్రైవర్ విండోస్ అప్‌డేట్‌లో వచ్చింది. అది నకిలీ చిప్ కనిపిస్తే దాని ఐడీని సున్నాగా మార్చేసింది. దాంతో కంప్యూటర్ ఆ బోర్డును గుర్తుపట్టడం మానేసింది. గొడవ పెద్దదయ్యాక కంపెనీ ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకుంది. కోఠిలో బీటెక్ ప్రాజెక్టు కోసం చవక బోర్డు కొన్నవాళ్లకి అందులో చిప్ అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?

తేదీ చూసి మోసపోకండి

ఇంటెల్ చిప్‌సెట్ డ్రైవర్లలో కొన్నింటికి 1968 అని తేదీ ఉంటుంది. అది ఇంటెల్ కంపెనీ పుట్టిన సంవత్సరం! ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్‌ని ఈ సాధారణ డ్రైవర్ తొక్కేయకూడదని కావాలనే అంత పాత తేదీ పెట్టారు. అంటే కొత్త తేదీ ఉన్న డ్రైవరే మీ మెషీన్‌కి మంచిదని లెక్క కాదు. ల్యాప్‌టాప్ కంపెనీలు తమ మోడల్‌కి తగ్గట్టు డ్రైవర్‌లో మార్పులు చేసుకుంటాయి కూడా.

ఇంతకీ వేసుకోవాలా, వద్దా?

• వాటంతట అవే వచ్చే డ్రైవర్లు: రానివ్వండి. సెక్యూరిటీ అప్‌డేట్స్ అయితే అస్సలు ఆపకండి.

• ఆప్షనల్ డ్రైవర్లు: ఏదైనా సమస్య ఉంటేనే, ఆ డివైస్‌కి సంబంధించింది మాత్రమే వేసుకోండి. ఆ పేజీలో విండోస్ చెప్పేది కూడా ఇదే. నేను చదవకుండా టిక్ పెట్టాను, తప్పు నాదే.

• విండోస్ కొత్తగా ఎక్కించినప్పుడు: సౌండో బ్లూటూతో పనిచేయకపోతే ఈ ఆప్షనల్ లిస్టే మీకు దిక్కు.

• గ్రాఫిక్స్: కొత్త గేమ్స్ ఆడేవాళ్లు ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్ సైట్ల నుంచి తీసుకోవడం మేలు.

• బయాస్, ఫర్మ్‌వేర్: చార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే. మధ్యలో కరెంటు పోయి మెషీన్ ఆగితే మళ్లీ ఆన్ కాకపోవచ్చు. బిట్‌లాకర్ రికవరీ కీ కూడా ముందే రాసి పెట్టుకోండి, తర్వాత అడగొచ్చు.

• ‘డ్రైవర్ అప్‌డేటర్’ అని యాడ్స్‌లో వచ్చే యాప్స్: వాటి జోలికే పోవద్దు.

పాడైతే వెనక్కి ఎలా రావాలి?

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ ఓపెన్ చేయండి. మీ డివైస్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌కి వెళ్లి ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కండి. ఆ రాత్రి నన్ను కాపాడింది ఇదే. ఆ బటన్ పనిచేయకపోతే ‘అప్‌డేట్ డ్రైవర్’లోకి వెళ్లి, కంప్యూటర్‌లో ఉన్న లిస్టు నుంచి పాత వెర్షన్ ఎంచుకోండి. నెట్ లేకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే చాలు.

తమ్ముడి ఇంటర్వ్యూ టైముకే మొదలైంది. వైఫై ఒక్కసారి కూడా పోలేదు. మిగతా మూడు డ్రైవర్లు ఇప్పటికీ బాగానే ఉన్నాయి, అవి లేనప్పుడూ అంతా బాగానే ఉండేది. బాగా నడుస్తున్నదాన్ని కెలకాలనిపిస్తే కెలకండి, కాదనను. కానీ ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి మాత్రం వద్దు.