చేపపిల్ల మొదటి మేత

మన మర్పల్లి ప్రాంతమునకు సముద్రము బహుదూరము. మన చెరువులు వాననీటితో నిండి, వేసవి నాటికి చాలవఱకు ఇంకిపోవునవి. సముద్రపు చేపపిల్లల పెంపకముతో మనకేమి పని యని సభ్యులు అడుగవచ్చును. పని కలదు. చేప గ్రుడ్డునుండి వెలువడిన తరువాత మొదటి పక్షము దినములలో పోయినన్ని పిల్లలు మఱి యెన్నడును పోవు. దానికి కారణమును శ్రమపడి తేల్చినవారు సముద్రపు చేపలను పెంపనెంచినవారే. వారు నేర్చిన పాఠము మన బొచ్చె, రోహు, మృగాల పిల్లలకును వర్తించును.

గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు పొట్టక్రింద చిన్న సంచి యుండును. అందలి పచ్చసొన తల్లి కట్టియిచ్చిన దారిబత్తెము వంటిది. ఆ బత్తెము ఉన్నంతవఱకు పిల్లకు వేఱు మేత అక్కఱలేదు. అది తీఱుసరికి నోరు తెఱచుకొనును, కన్నులు పనిచేయ నారంభించును. ఆ వేళకు తన నోట పట్టునంతటి సూక్ష్మప్రాణి కంటియెదుట కదలాడుచుండవలెను. లేనిచో కొలది దినములలోనే పిల్ల నీరసించును. పిదప మేత దొరకినను దానిని పట్టుటకు శక్తి చాలదు.

పందొమ్మిదవ శతాబ్ది చివర నార్వే, అమెరికా దేశములలో కాడ్ అను సముద్రపు చేప గ్రుడ్లను పొదిగించి, పిల్లలను కోట్లకొలదిగా సముద్రములో విడిచిరి. వానికి పెట్టవలసిన మేత తెలియనందున సొన తీఱకమునుపే విడువవలసి వచ్చెను. 1914లో నార్వే శాస్త్రజ్ఞుడు యోహాన్ యోర్ట్, ఒక యేడు చేపలు సమృద్ధిగా నుండుటకును మఱియొక యేడు కొఱవడుటకును ఈ మొదటి మేత దొరకుట, దొరకకపోవుటలే కారణము కావచ్చునని వ్రాసెను. 1939లో ఆ దేశమువాడే యైన రోలెఫ్సెన్, ఉప్పుకయ్యలలో పెరుగు ఆర్టీమియా అను చిన్న రొయ్యజాతి ప్రాణి పిల్లలను మేపి చేపపిల్లలను పెంచవచ్చునని చూపెను. అంతకంటె చిన్న నోరుగల పిల్లలకు రోటిఫరు అను సూక్ష్మప్రాణి తగినదని 1960 తరువాత జపాను దేశమున రుజువయ్యెను.

మన దేశమున చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలకృషి పరిశోధన సంస్థవారు 1997లో పండుగప్ప చేపను కేంద్రములోనే గ్రుడ్లు పెట్టించి, పిల్లలను పెంచుటలో కృతకృత్యులైరి. పండుగప్ప పిల్ల పుట్టినపుడు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పొడవుండును. మూడవ దినము మొదలు దానికి రోటిఫరులను, పదవ దినము ప్రాంతమున ఆర్టీమియా పిల్లలను, తరువాత క్రమముగా తయారుచేసిన మేతను అలవాటు చేయుదురు. రోటిఫరులకును ముందుగా పచ్చని సూక్ష్మశైవలములను మేపుదురు. ఆకలిగొన్న రోటిఫరును తిన్న చేపపిల్లకు పుష్టి కలుగదు. పాడిపశువు విషయమున మనకు తెలిసిన సంగతియే యిది: గడ్డిలో లేని సారము పాలలోనికి రాదు.

ఇక మన చేపల మాట. పూర్వము బొచ్చె, రోహు పిల్లలను వఱదకాలమున నదులలో పట్టి తెచ్చెడివారు. 1957 జూలైలో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరిగారు సూదిమందు ద్వారా ఈ జాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి విత్తనమునకు నదిని కనిపెట్టుకొని యుండవలసిన అవసరము తీఱెను. నేడు కేంద్రములలో అమ్మెడి స్పాను మూడు దినముల పిల్ల. దాని పొడవు 6, 7 మిల్లీమీటర్లు. అనగా సొన తీఱి, ఆకలి పుట్టిన గడియలోనే అది సంచిలో నెక్కి మన యూరికి వచ్చుచున్నది. రాగానే మేత లేని తేటనీటిలో విడిచినచో దాని గతి ఏమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కావున స్పాను తెచ్చుటకు ముందే నర్సరీకుంటను సిద్ధపఱుపవలెను. పది గుంటల విస్తీర్ణముగల కుంటకు లెక్క యిట్లు. వేసవిలో కుంటను పూర్తిగా ఎండబెట్టినచో కొఱమట్ట మొదలగు మాంసాహార చేపల పీడ తొలగును. పిదప 20 నుండి 25 కిలోల సున్నము చల్లవలెను. నీరు పెట్టునపుడు సన్నని వలగుండ వడియగట్టవలెను. స్పాను వచ్చుటకు పది పదునైదు దినములు ముందుగా సుమారు ఒక టన్ను పశువులపేడ వేయవలెను. పేడ సారముచేత నీటిలో శైవలము పుట్టును. దానిని తిని రోటిఫరులు మొదలైన సూక్ష్మప్రాణులు వృద్ధియగును. సముద్రపు పిల్లలకు తొట్లలో చేయుపనిని మనకు పేడయు ఎండయు చేసిపెట్టును.

మేత పుట్టినదా లేదా యని చూచుటకు 50 లీటర్ల కుంటనీటిని మిక్కిలి సన్నని ప్లవకవలలో వడియగట్టవలెను. అడుగున దిగిన పదార్థము ఒకటి రెండు మిల్లీలీటర్లున్నచో చాలును. తక్కువగానున్నచో స్పానును రెండు దినములు ఆలస్యముగా తెచ్చుట మేలు.

పేడనీటిలో శత్రువులును పెరుగుదురు. నీటితేలు, వెల్లకిల ఈదు పురుగు మొదలైనవి పిల్లలను పట్టి చంపును. స్పాను విడుచుటకు ముందుదినమున, గాలిలేని వేళ, 5.6 కిలోల చవుక నూనెను 1.8 కిలోల సబ్బు కరగిన వేడినీటితో చిలికి నీటిపై చల్లవలెను. గాలికై పైకి వచ్చు పురుగులు ఆ పొరవలన ఊపిరాడక చచ్చును.

ఎకరమునకు 12 లక్షల చొప్పున పది గుంటలకు 3 లక్షల స్పాను చాలును. ఉదయముననో సాయంకాలముననో సంచిని పావుగంటసేపు నీటిపై తేల్చి, లోపలి నీటి వేడియు బయటి వేడియు సమమైన తరువాత పిల్లలను మెల్లగా విడువవలెను.

ఇంతమంది పిల్లలకు కుంటలోని ప్రాణులు కొలదిదినములే సరిపోవును. కనుక పొడిచేసి జల్లించిన పల్లిచెక్కను, తవుడును సమపాళ్ళలో కలిపి చల్లవలెను. మొదటి అయిదు దినములు లక్ష పిల్లలకు దినమునకు 600 గ్రాములు, పిమ్మట 1200 గ్రాములు. మన 3 లక్షలకు మొదట 1.8 కిలోలు, పిదప 3.6 కిలోలు అగును. ఇంతకు మించి వేసిన చెక్క అడుగున క్రుళ్ళి నీటిలోని ప్రాణవాయువును హరించును. తెల్లవాఱుజామున పిల్లలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెఱచుచున్నచో ఆ దినము మేత మాని, క్రొత్తనీరు పెట్టవలెను.

పదునైదు, ఇరువది దినములకు పిల్లలు అంగుళము పొడవగును. శ్రద్ధగా పెంచినచో మూడవ వంతు మొదలు సగము వఱకు దక్కును. మూడవవంతే దక్కినను లక్ష పిల్లలు మన చేత నుండును. వీనిని మఱికొంతకాలము పలుచగా పెంచి, మూడు నాలుగు అంగుళములైన పిదప పెద్దచెరువులో విడిచినచో కొఱమట్టల వాతబడునవి తక్కువ.

స్పాను ధర స్వల్పమని, ముందుగా తెచ్చి పిదప ఏర్పాటు చూతమని తలచుట సంఘద్రవ్యమును నీళ్ళపాలు చేయుటయే. దుక్కి కానిదే విత్తనము తెచ్చు రైతు లేడు. అట్లే కుంటలో మేత కదలాడుట కన్నులార చూచిన పిదపనే చేపవిత్తనమునకు సొమ్ము కట్టవలెను. వానలు పడి కుంట నిండిన దినముననే పేడ వేసిన తేదీని సంఘపు పుస్తకములో వ్రాసికొని, దానినిబట్టి స్పాను వచ్చు తేదీని నిర్ణయించుకొనుడు.