ప్రార్థన ఆపనక్కర్లేదు.. మాత్రా మానకూడదు
దీర్ఘవ్యాధిలో క్రైస్తవ విశ్వాసం ఇచ్చే బలమేమిటి? దాని హద్దులేమిటి?

నూజెండ్ల: మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు.. ఇవి వచ్చి పోయే జ్వరాలు కావు. ఒకసారి ఇంట అడుగుపెడితే జీవితాంతం తోడుంటాయి. మిరప, పత్తి పొలాల్లో పొద్దస్తమానం శ్రమించే మనిషికి ‘ఇక రోజూ మందు వేసుకోవాలి’ అన్న మాట పిడుగుపాటే. నూజెండ్ల మండల గ్రామాల్లోని క్రైస్తవ కుటుంబాల్లో అటువంటి వేళ మొదట గుర్తుకొచ్చేది ప్రార్థనే. ఆ ప్రార్థన రోగికి ఊతకర్ర కావాలే తప్ప, మందులకు అడ్డుగోడ కారాదు.

శిక్ష అనుకోవడమే తొలి పొరపాటు

వ్యాధి బయటపడగానే చాలామందిని వేధించే ప్రశ్న ‘నేనేం పాపం చేశాను?’ అన్నది. ‘విశ్వాసం చాల్లేదు, అందుకే తగ్గలేదు’ అని పక్కవారు అనే మాట ఆ గాయాన్ని మరింత రేపుతుంది. బైబిలు ఈ భావనను సమర్థించదు. పుట్టుగుడ్డిని చూసి ఎవరి పాపం వల్ల ఇలా జరిగిందని శిష్యులు అడిగినప్పుడు, అతని పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని యేసు బదులిచ్చినట్లు యోహాను సువార్త 9వ అధ్యాయం చెబుతోంది.

అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ‘ముల్లు’ తొలగించమని మూడుసార్లు వేడుకొన్నాడు. అది తొలగలేదు. దానిని భరించే కృప మాత్రం లభించింది. ఆయన సహచరుడు త్రోఫిము రోగంతోనే మిలేతులో ఉండిపోయాడు. వీరెవరినీ అవిశ్వాసులని బైబిలు నిందించలేదు. దుఃఖాన్ని దాచుకోవాలనీ చెప్పలేదు. 88వ కీర్తన ఆదినుంచి అంతం వరకు చీకటిలో పెట్టిన మొరే.

పల్నాటికి వైద్యం కొత్త కాదు

విశ్వాసం, వైద్యం పరస్పర విరుద్ధాలన్న వాదనకు బైబిలులోనూ, ఈ ప్రాంత చరిత్రలోనూ ఆధారం లేదు. హిజ్కియా రాజు కోసం ప్రార్థన జరిగిన తర్వాతే పుండుపై అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు యెషయా. సువార్త రాసిన లూకా వైద్యుడే. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్, అమెరికా వెళ్లి వైద్యవిద్య అభ్యసించి తిరిగివచ్చాడు. 1849లో గురజాల చేరి పల్నాటిలో సేవ చేశాడు. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కృషితో 1898లో అక్కడ ఆస్పత్రి ప్రారంభమైంది. బైబిలు పట్టిన చేతులే మందుసీసానూ పట్టాయన్నమాట.

ఆంధ్రదేశమంతటా సభలు నిర్వహించిన భక్తసింగ్ జీవితమూ గమనించదగినదే. హైదరాబాద్‌లోని హెబ్రోను కేంద్రంగా సేవ చేసిన ఆయన చివరి సంవత్సరాల్లో పార్కిన్సన్స్ వ్యాధితో మంచాన పడ్డారు. 2000 సెప్టెంబరు 17న కన్నుమూశారు. ఎందరి కోసమో ప్రార్థించిన మనిషే ఇతరుల చేతుల్లో సేవలు అందుకోవలసి వచ్చింది. దానివల్ల ఆయన విశ్వాసం తక్కువైందని ఎవరూ అనలేదు.

ఉపవాసం.. జాగ్రత్త అవసరం

శుక్రవారపు ఉపవాస ప్రార్థనలు, 40 రోజుల శ్రమదినాలు మధుమేహులకు పరీక్ష వంటివి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు భోజనం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, తికమక దీనికి గుర్తులు. చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే, స్పృహలో ఉన్న రోగికి వెంటనే మూడు చెంచాల పంచదార కలిపిన నీరు ఇవ్వాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయరాదు, 108కు ఫోన్ చేయాలి.

ఉపవాసం ఉండదలచినవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. కూడదంటే ఇష్టమైన వంటకమో, టీవీయో, కోపమో మానుకొని ఆ సమయాన్ని ప్రార్థనకు ఇవ్వవచ్చు. రక్తపోటు మాత్రలు మానినా చాలాకాలం బాధ తెలియదు. ఆ నిశ్శబ్దమే పక్షవాతానికి దారితీస్తుంది. స్వస్థత సభ తర్వాత ‘బాగుంది’ అనిపించినంత మాత్రాన మందు ఆపరాదు. వ్యాధి తగ్గిందో లేదో పరీక్షలు చెబుతాయి. మూడు నెలల సగటు చక్కెరను హెచ్‌బీఏ1సీ పరీక్షతో తెలుసుకోవచ్చు.

మందిరం బయట చెప్పులు విడిచే అలవాటులోనూ మధుమేహులు మెలకువగా ఉండాలి. స్పర్శ తగ్గిన పాదాలకు ఎండకు కాలిన బండ వేడి తెలియదు. ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోవాలి.

సంఘం చేయగలిగినది

దీర్ఘవ్యాధి శరీరాన్నే కాదు, మనసునూ కుంగదీస్తుంది. మధుమేహుల్లో మానసిక కుంగుబాటు ఇతరుల కంటే ఎక్కువని అధ్యయనాలు తేల్చాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషికి ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు యంత్రం పక్కనే గడుస్తాయి. ప్రయాణం అదనం. కూలి పోతుంది, తోడు వచ్చినవారి కూలీ పోతుంది. ఇక్కడే సంఘం అవసరమవుతుంది. వినుకొండ, నరసరావుపేట ఆస్పత్రులకు వంతులవారీగా తోడు వెళ్లడం, ఇంటి కూటాన్ని రోగి ఇంట జరపడం, పింఛను దరఖాస్తు రాసిపెట్టడం, ‘మాత్ర వేసుకున్నావా’ అని అడగడం.. ఇవన్నీ ప్రార్థనలో భాగాలే. చర్చి విందులో మధుమేహులకు తగిన వంటకం ఒకటి ఉంచినా మేలే.

రోగం పోవాలని కోరుకోవడం తప్పు కాదు. పోకున్నా బతుకు నిలబడుతుందని నమ్మడం అంతకన్నా పెద్ద విశ్వాసం. ఉదయం లేచి మోకరించే అలవాటు ఉన్నవారికి ఆ ప్రార్థన వేళే మాత్ర వేళను గుర్తుచేస్తుంది. రెండూ ఒకే క్రమంలో సాగితే మనసుకు ధైర్యం, దేహానికి రక్షణ.