మెలికతో పెరిగే వేడి.. మోటారుకు పెరిగే భారం

జంషెడ్‌పూర్: డాబా మీద గాజు కప్పిన నల్లని పలక, దానికి అతికించిన రాగి గొట్టాలు, వాటిలో పారే నీరు. సౌర వాటర్ హీటర్ నిర్మాణం చూడటానికి ఇంతే. అయితే పలకపై పడిన ఎండలో ఎంత భాగం నీటికి చేరుతుందన్నది గొట్టంలో నీరు పారే తీరుపై కూడా ఆధారపడి ఉంటుంది. ఉక్కు నగరంగా పేరొందిన జంషెడ్‌పూర్‌లో జరిగిన ఒక పరిశోధన ఈ అంశాన్ని లెక్కలతో సహా నిరూపించింది.

ఇక్కడి ప్రాంతీయ సాంకేతిక విద్యాసంస్థ 1960లో ఏర్పడింది. 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారింది. నగరం ఇంకా బీహార్‌లో ఉన్న రోజుల్లో ఈ సంస్థకు చెందిన ఎ.కుమార్, బి.ఎన్.ప్రసాద్ గొట్టాల్లోకి మెలితిప్పిన లోహపు పట్టీలను చొప్పించి ప్రయోగాలు చేశారు. వాటి ఫలితాలు 2000లో 'రెన్యూవబుల్ ఎనర్జీ' పత్రికలో వెలువడ్డాయి.

దుప్పటిలాంటి పొర

గొట్టం గోడను ఆనుకుని ఉన్న నీరు నెమ్మదిగా కదులుతుంది. ఆ పలుచని పొర దుప్పటిలా వేడిని అడ్డుకుంటుంది. దాంతో పలక మరింత కాగి, ఆ వేడి గాజు గుండా గాలిపాలవుతుంది. పలక ఎంత కాగితే హీటర్ అంత బాగా పనిచేస్తున్నట్లు భావించడం పొరపాటు. తన వేడిని వెంటవెంటనే నీటికి అందించే పలకే సమర్థమైనది. మెలిపట్టీ నీటిని సుడులు తిప్పి ఆ పొరను చెదరగొడుతుంది. మామూలు గొట్టాలతో పోలిస్తే ఉష్ణ బదిలీ 18 నుంచి 70 శాతం వరకు పెరిగినట్లు పరిశోధకులు తేల్చారు.

అసలు చిక్కు

అయితే ఈ లాభం ఉచితంగా రాలేదు. గొట్టాల్లో పీడన నష్టం 87 నుంచి 132 శాతం పెరిగింది. అంటే అంతే నీటిని ఆ గొట్టాల గుండా పంపడానికి దాదాపు రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించిన శక్తి కావాలి. ప్రవాహ వేగం తక్కువగా ఉన్నప్పుడే పట్టీల ప్రయోజనం స్పష్టంగా కనిపించింది.

ఇళ్లపై ఉండే చిన్న హీటర్లలో సాధారణంగా మోటారు ఉండదు. వేడెక్కిన నీరు తేలికై పైకి, చల్లని నీరు కిందికి తమంతట తామే కదులుతాయి. ఆ బలం స్వల్పం. అక్కడ పట్టీ అడ్డుపెడితే ప్రవాహమే మందగించవచ్చు. మోటారుతో నడిచే పెద్ద హీటర్లలోనైతే అదనంగా దక్కే వేడిని, అదనంగా ఖర్చయ్యే విద్యుత్తును పక్కపక్కన పెట్టి చూడాలి. వేడి ఒక్కటే చూసి హీటరును ఎంచుకుంటే ఎండ వల్ల కలిగిన ఆదా కాస్తా కరెంటు బిల్లులో కరిగిపోయే ప్రమాదం ఉంది.