అయ్య కొలువు... కొడుక్కి హక్కా?

'డిపెండెంట్'... గోదావరిఖని, రామగుండం కార్మికవాడల్లో ఈ మాట తెలియని ఇల్లుండదు. పిల్లాడి చదువు గురించి మాట్లాడుకున్నా, పెళ్లి సంబంధం గురించి మాట్లాడుకున్నా ఎక్కడో ఒకచోట అది వచ్చి తీరుతుంది. నాన్న బాయి దిగుతున్నాడు, రేపు ఆ మస్టర్ కొడుక్కి వస్తుందా, రాదా?

తండ్రి ఉద్యోగం... పొలంలా, ఇల్లులా ఆస్తేనా? కోర్టులు దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పాయి. మొదటి ముక్క అందరికీ గుర్తుంది. రెండోది తెలియకపోతే నష్టపోయేది ఇంటిపెద్దను పోగొట్టుకున్న కుటుంబమే!

కొట్టేసింది దేన్ని?

2016 చివర్లో సింగరేణి వారసత్వ ఉద్యోగాల పథకం ప్రకటించింది. 48 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న కార్మికుడు తనంతట తాను దిగిపోతే, ఆ ఉద్యోగం కొడుక్కో అల్లుడికో తమ్ముడికో ఇస్తారు. కాలనీల్లో సంబరాలు. ఓ నిరుద్యోగ యువకుడు మాత్రం హైకోర్టు మెట్లెక్కాడు. సూటిగా చెప్పాలంటే వివాదం ఇదీ... తండ్రి గనిలో పనిచేయకపోవడమే ఒక పిల్లాడికి అనర్హత అవుతుందా?

కాకూడదంది హైకోర్టు. 2017 మార్చిలో పథకాన్ని కొట్టేసింది. చట్టం ముందు అందరూ సమానమనే 14వ అధికరణం, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశాలు ఇవ్వాలనే 16వ అధికరణం... రెండింటికీ అది విరుద్ధమని తేల్చింది. ఆ మరుసటి నెలలోనే సుప్రీంకోర్టు కూడా జోక్యానికి నిరాకరించింది.

ఇది కొత్త సూత్రమేమీ కాదు. దాని వెనక తెలుగువాడి కేసే ఉంది. గుంటూరు జిల్లాలో ఓ గ్రామ మునసబు పదవిని పాత మునసబు కొడుకు అన్న కారణంతో ఒకరికి కట్టబెట్టారు. పోటీలో ఉన్న గాజుల దశరథ రామారావు సుప్రీంకోర్టుకు వెళ్లారు. పుట్టుకను బట్టి ప్రభుత్వ పదవి ఇవ్వడం చెల్లదని 1960లో ధర్మాసనం తీర్పిచ్చింది. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. కాబట్టి అదే గీత దానికీ వర్తిస్తుంది.

మిగిలింది ఏమిటి?

ఇక్కడే చాలామంది పొరబడతారు. కోర్టు కాదన్నది వారసత్వాన్ని. కారుణ్యాన్ని కాదు. ఒంట్లో సత్తువ ఉన్న మనిషి కొడుకు కోసం కుర్చీ ఖాళీ చేయడం వేరు. గనిలో ప్రాణం పోయిన, జబ్బుతో పనికి పనికిరాకుండా పోయిన కార్మికుడి ఇంట్లో పొయ్యి ఆరిపోకుండా చూడటం వేరు. 2018 నుంచి మెడికల్ బోర్డు 'అన్‌ఫిట్' అని తేల్చిన కార్మికుల పిల్లలకు ఉద్యోగాలిస్తున్నది ఈ రెండో దారిలోనే. అందుకే ఆ జబ్బు నిజమైనదై ఉండాలి. 'బోర్డులో మేం చూసుకుంటాం' అనే దళారి చేతిలో పెట్టిన డబ్బుకు రసీదు ఉండదు, ఉద్యోగానికి భరోసా ఉండదు. పైగా కేసు భయం!

మరి ఈ కారుణ్యం కేవలం దయా? పూర్తిగా కాదు. బొగ్గు పరిశ్రమలో యాజమాన్యాలకూ కార్మిక సంఘాలకూ మధ్య జాతీయ వేతన ఒప్పందం ఉంది. సర్వీసులో ఉండగా కార్మికుడు మరణిస్తే ఆధారపడినవారిలో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలన్నది అందులోని మాటే. భార్య వయసు 45 లోపుంటే ఉద్యోగమో, నెలనెలా పరిహారమో ఆమే ఎంచుకోవచ్చు. దాటితే పరిహారం తీసుకోవచ్చు. సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ మీద మోహన్ మహతో వేసిన కేసులో 2007లో సుప్రీంకోర్టు ఆ ఒప్పందానికి విలువిచ్చి, గడువు దాటిందన్న సాకుతో తిరస్కరించిన సంస్థను తప్పుపట్టింది.

అలాగని తాత్సారం చేస్తే మాత్రం కష్టమే. ఇంటిపెద్ద పోగానే వచ్చిపడే ఇబ్బంది నుంచి గట్టెక్కించడానికే ఈ ఉద్యోగమని 1994లో ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏళ్లు గడిచాక వస్తే 'ఇన్నాళ్లూ బతికారుగా' అన్న ప్రశ్న ఎదురవుతుంది. అన్నదమ్ముల మధ్య తగువు తేలేదాకా దరఖాస్తు పెట్టకపోవడం అందుకే ప్రమాదం.

ఇంట్లో వచ్చే సందేహాలు

రెండో భార్య పిల్లల మాటేమిటి? ఆ పెళ్లి చెల్లకపోయినా పిల్లల్ని ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టకూడదని 2018లో త్రిపాఠి కేసులోనూ, 2022లో ముకేశ్ కుమార్ కేసులోనూ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అవి రైల్వే కేసులే అయినా సూత్రం ఒకటే.

పెళ్లయిన కూతురు? ఒప్పందంలో 'పెళ్లికాని కూతురు' అనే ఉంది. అయితే కోల్ ఇండియా కేసులో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు 2016లో పెళ్లయిందన్న ఒక్క కారణంతో కాదనడం వివక్షేనంది. కాబట్టి తిరస్కరిస్తే అడిగే దారి ఉంది. తండ్రి మీద ఆధారపడి బతికినట్టు చూపించగలగాలి.

మరి కాగితాలు? మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం ముందు తీసుకోండి. సర్వీసు రికార్డులో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు సరిగా ఉన్నాయో లేదో కార్మికుడు పనిలో ఉండగానే చూసుకోవాలి. దరఖాస్తు ఇచ్చినట్టు ముద్ర వేసిన నకలు దాచుకోండి. తిరస్కరిస్తే ఆ మాట రాతపూర్వకంగా అడగండి. కోర్టులో నిలబడేది అదే.

లాయరుకు డబ్బుల్లేవా? 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు ఆదాయం లెక్క చూపనక్కర్లేదు. దగ్గర్లోని కోర్టులో న్యాయసేవా కమిటీని కలవొచ్చు. 15100 నంబరుకు ఫోనూ చేయొచ్చు.

అయ్య కొలువు ఆస్తి కాదు. కానీ అయ్య చెమటకు రాసుకున్న ఒప్పందం ఒకటుంది. దాన్ని చదివి, సమయానికి అడిగినవాళ్లకే అది అక్కరకొస్తుంది.